పాత కారు పవర్ విండో: సెల్లార్‌లో మనమే విప్పాలా, ఆటోనగర్‌కి తోలాలా?

సీతమ్మధార_సెకండ్‌హ్యాండ్:
2009 మోడల్ పెట్రోలు కారు. ఏ కంపెనీదో ఎందుకులెండి, ఈ వయసొస్తే అన్నిటిదీ ఒకటే కథ. రెండు అద్దాలు మొరాయిస్తున్నాయి. డ్రైవరు వైపుది కటకటమంటూ సగం దిగి, ఒక పక్కకి ఒరిగి ఆగిపోతోంది. పక్క సీటు వైపుది అసలు కదలదు. మొన్నామధ్య తలుపు తీసి ఉంచి స్విచ్ నొక్కితే మాత్రం ఒక్కసారి పైకొచ్చింది. ఆటోనగర్‌లో చూపిస్తే రెండు మోటార్లూ పోయాయని, కూలితో కలిపి 7,500 అన్నారు. మల్టీమీటరు ఉంది, స్క్రూడ్రైవరు పట్టడం వచ్చు. ఆదివారం నేనే విప్పుదామనుకుంటున్నా. "విప్పడం వరకూ మీరు బాగానే విప్పుతారు" అంటోంది మా ఆవిడ. మీరేమంటారు?

ఉక్కునగరం_పాతకాపు:
వద్దండీ. చేసి దెబ్బతిన్నవాణ్ణి చెబుతున్నా. తలుపు లోపలి వైపు బిగించి ఉండే డోర్ ప్యాడ్ లాగేటప్పుడు ఎండకి గట్టిపడిన ప్లాస్టిక్ క్లిప్పులు నాలుగు విరిగాయి. దాని వెనక పల్చటి ప్లాస్టిక్ షీటు ఒకటి నల్లటి జిగురుతో అతికించి ఉంటుంది. అదేదో ప్యాకింగు కాబోలనుకుని చింపి పారేశాను. వాన నీళ్ళు అద్దం వెంట తలుపు లోపలికి దిగుతాయి, అది మామూలే, అడుగున ఉండే చిల్లుల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్ళు కారు లోపలికి రాకుండా ఆపేది ఆ షీటే. ఆ ఏడు వానాకాలమంతా కాళ్ళ కింద మ్యాటు ఆరలేదు. కారెక్కితే తడి కుక్కని పక్కన కూర్చోబెట్టుకున్నట్టు వాసన.

కంచరపాలెం_కుర్రోడు:
నాను ఆటో ఎలక్ట్రికల్ పనే చేస్తాను, కాబట్టి నా మాట ఒక చెవితో వినండి, పర్లేదు. మోటార్లు పోనాయని చెప్పినోడు అబద్ధమాడాడని నాననను. ఏటి జరుగుద్దో చెప్తాను. తలుపు విప్పి తీగ తీగా పట్టుకుని తప్పు వెతకాలంటే గంటన్నర పడద్ది. ఆ గంటన్నరకి ఎవరూ డబ్బులివ్వరు. "ఒక్క తీగ అతికినందుకు వెయ్యి రూపాయలేటి?" అంటారు. అదే సెట్టు మొత్తం మార్చీస్తే అరగంట పని, కొత్త డబ్బా చూపిస్తే నోరెత్తరు, బండి మళ్ళీ తిరిగొస్తాదన్న భయం నేదు. మరి తప్పెవరిదండీ?

ఎంవీపీ_సెల్లార్:
అందుకే ఇంట్లో చెయ్యమంటున్నా తమ్ముడూ. ఆ గంటన్నర మనకి ఉచితం. పైగా తలుపు విప్పకముందే సగం సంగతి తెలిసిపోతుంది. రాత్రి ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, లోపలి లైటు వేసుకుని విండో స్విచ్ నొక్కండి. లైటు కాస్త మసకబారితే మోటారుకి కరెంటు అందుతోంది, అద్దమో, దాన్ని ఎత్తి దించే రెగ్యులేటరో పట్టేసిందన్నమాట. లైటు చలించకపోతే కరెంటే అక్కడిదాకా వెళ్ళడం లేదు: ఫ్యూజు, స్విచ్, తీగ చూడాలి. అప్పటికీ ఏమీ దొరక్కపోతే మోటారు మీద అనుమానం. ఇంకో సంగతి, నాలుగైదుసార్లు వరసగా దించి ఎత్తాక ఆగిపోయి, పది నిమిషాలకి మళ్ళీ పనిచేస్తే మోటారు చెడిపోయినట్టు కాదు. వేడెక్కితే కరెంటు తగ్గించే ఏర్పాటు చాలా మోటార్లలో లోపలే ఉంటుంది.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక ఊళ్ళో కరెంటు లేదు, మెకానిక్ అన్నవాడు దొరకలేదు, మా కారు అద్దం దిగి ఉండిపోయింది. బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టిన రెండు తీగలు నేరుగా మోటారుకి తగిలించి పైకెత్తాను. తీగలు అటూ ఇటూ మారిస్తే అదే కిందికి దిగుతుంది. ఇంతే దాని మర్మం, దానికి 3,500 మోటారా?

కంచరపాలెం_కుర్రోడు:
సారూ, అంతా బానే చెప్పారు గానీ మల్టీమీటరుని నమ్మకండి. చిలుము పట్టి ఒక్క పోగు మిగిలిన తీగలో కూడా మీటరు 12 వోల్టులు చూపిస్తాది. లోడు పడితే అక్కడే చచ్చిపోద్ది. చిన్న బల్బుతో టెస్ట్ ల్యాంప్ కట్టుకోండి. బల్బు నిండుగా వెలిగితేనే కరెంటు ఉన్నట్టు. మన ఊరి ఉప్పుగాలికి కనెక్టర్లు ఎలాగుంటాయో విప్పిచూస్తే తెలుస్తాది.

మర్రిపాలెం_మేడమ్:
ఇన్ని చెప్పారు గానీ మొదటి పోస్టులో ఉన్న ముక్క ఎవరూ చదవలేదేం? "తలుపు తీసి ఉంచి నొక్కితే ఒక్కసారి పైకొచ్చింది" అన్నారాయన. పోయిన మోటారుకి తలుపు తీసుందో మూసుందో ఎలా తెలుస్తుంది? తలుపుకీ బాడీకీ మధ్య మడతలు మడతలుగా రబ్బరు గొట్టం ఉంటుంది కదా, తీగలన్నీ అందులోంచే వెళ్తాయి. పదిహేనేళ్ళు తలుపు తీసి వేస్తుంటే అక్కడే తెగుతాయి. పై తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగి ఉంటుంది. ముందు ఆ గొట్టం జరిపి చూడండి, డోర్ ప్యాడ్ దాకా వెళ్ళనక్కర్లేకపోవచ్చు.

అక్కడ బాగుంటే డ్రైవరు తలుపు మీదున్న స్విచ్‌ల సెట్టు చూడండి. చాలా పాత కార్లలో పక్క తలుపు మోటారు తీగలు దాని గుండానే ఎర్త్‌కి వెళ్తాయి. ఎడమ అద్దం కదలకపోవడానికి కారణం కుడి తలుపులో ఉండొచ్చు. మా ఇంట్లో ఇలాగే మంచి మోటారు తీసి కొత్తది వేయించుకున్నాం. అప్పుడూ కదల్లేదు.

భీమిలి_గాలి:
ఇంత గోల ఎందుకండీ, అద్దం జారే రబ్బరు సందుల్లో కొబ్బరినూనె రాస్తే చాలు. మా నాన్నగారు అదే రాసేవారు.

ఎంవీపీ_సెల్లార్:
వారం బాగానే ఉంటుంది. తర్వాత బీచ్‌రోడ్డు ఇసుకంతా ఆ నూనెకి అంటుకుని అద్దం మీద గీతలు పడతాయి. మామూలు గ్రీజు కూడా వద్దు, రబ్బరు ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. ముందు తడిగుడ్డతో సందులు తుడిచి, సిలికాన్ స్ప్రే కొట్టండి. నెమ్మదిగా ఎక్కే అద్దాల్లో చాలావాటికి ఇదే మందు.

ఉక్కునగరం_పాతకాపు:
సరే, విప్పేవాళ్ళని నేను ఆపలేను. అద్దాన్ని పైకెత్తి ఫ్రేము మీదుగా రెండు వైపులా గట్టి టేపు వెయ్యకుండా రెగ్యులేటరు బోల్టులు ముట్టుకోవద్దు. జారి తలుపులో పడితే గుప్పెడు గాజుముక్కలే. ఇక కత్తెరలా చేతులున్న రెగ్యులేటరయితే దాని స్ప్రింగు ఊరుకోదు, మోటారు ఊడిందంటే ఆ చెయ్యి ఎగిరి కొడుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి. వేలు తలుపులో ఉండగా పిల్లాడెవడో స్విచ్ నొక్కితే పాత కార్లలో అద్దం తనంతట తాను ఆగదు.

సీతమ్మధార_సెకండ్‌హ్యాండ్:
ఆదివారం అయింది. మర్రిపాలెం మేడమ్ గారికి దండం. ఎడమ తలుపు రబ్బరు గొట్టంలో ఒక తీగ పూర్తిగా తెగింది, ఇంకోటి రెండు పోగుల మీద వేలాడుతోంది. రాగి పచ్చగా చిలుము పట్టి, గోటితో గీకితే పొడిలా రాలింది. తెగిన మేర కోసేసి కొత్త తీగ ముక్కలు వేశాను. తీగ, ట్యూబు, టేపు కలిపి 180 రూపాయలు. అద్దం కొత్తదానిలా ఎక్కుతోంది. స్ప్రే విడిగా కొన్నాను, రెండు వైపులా కొట్టాను.

డ్రైవరు వైపు మాత్రం తల వంచాను. ప్యాడ్ తీస్తే రెగ్యులేటరు కేబుల్ పోగులు లేచిపోయి, అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ ముక్క విరిగి ఉంది. అందుకే ఒరుగుతోంది. మోటారుకి విడిగా కరెంటిస్తే హాయిగా తిరిగింది. కానీ రెగ్యులేటరు రివెట్లతో ఉంది, డ్రిల్లు లేదు. టేపు వేసుకుని వెళ్ళి, రెగ్యులేటరు ఒక్కటే మార్పించాను, 2,400.

కంచరపాలెం_కుర్రోడు:
బానే చేశారు. జాయింటు ఎక్కడేశారు? మడతపడే చోట సోల్డర్ చేస్తే అక్కడ తీగ పుల్లలాగ బిగుసుకుపోయి, దాని అంచున మళ్ళీ తెగుద్ది. గొట్టానికి ఇవతలా అవతలా వెయ్యాల.

సీతమ్మధార_సెకండ్‌హ్యాండ్:
ఒకటి లోపలికి వేశాను, ఒకటి గొట్టంలోనే ఉండిపోయింది. తెగినప్పుడు చూద్దాం.

ఉక్కునగరం_పాతకాపు:
షీటు సంగతేంటి?

సీతమ్మధార_సెకండ్‌హ్యాండ్:
అదే చెప్పబోతున్నా. నిన్న రాత్రి వాన దంచింది. పొద్దున్న చూస్తే ఎడమ వైపు మ్యాటు పొడిగా ఉంది. కుడి వైపు, డబ్బులిచ్చి బిగించుకున్న వైపు, పిండితే నీళ్ళు. షీటు తిరిగి పెట్టాడో లేదో అడగనే లేదు. ఆదివారం మళ్ళీ ప్యాడ్ విప్పాలి. క్లిప్పులు ఊళ్ళో ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్పండి, మూడు తక్కువున్నాయి.