హారర్ తీసే మహిళలకు ప్రత్యేక నిధి కావాలా, అక్కర్లేదా?

కృష్ణానగర్ అసోసియేట్ (చర్చ ప్రారంభం):

గత ఏడాది ఫిల్మ్ నగర్‌లోని ఒక నిర్మాణ సంస్థ కార్యాలయంలో గంటన్నర సేపు ఒక దెయ్యం కథ వినిపించాను. ఇంటర్వెల్ దగ్గరికి వచ్చేసరికి గదిలో ఉన్న ఇద్దరు కుర్రవాళ్ళు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. కథ పూర్తయ్యాక నిర్మాత గారు అడిగిన మొదటి మాట, "ఇది ఎవరు రాసిచ్చారమ్మా?" నేనే రాశానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "బాగుంది కానీ రాత్రిళ్ళు అడవిలో షూటింగు, అంతమంది మగవాళ్ళ మధ్య నువ్వెక్కడ పడతావు? అక్కాచెల్లెళ్ళ కథ ఏదైనా ఉంటే తీసుకురా, వెంటనే చేద్దాం" అన్నారు. ఆయన మర్యాదగానే, నా మేలు కోరే అన్నారని నమ్ముతున్నాను. అయితే తొమ్మిదేళ్ళుగా అవే అడవుల్లో, అవే నైట్ షూటింగుల్లో క్లాప్ కొడుతున్నప్పుడు ఎవరికీ రాని సందేహం, నేను దర్శకత్వం అడిగేసరికి వచ్చింది.

కేరళ చలనచిత్ర అభివృద్ధి సంస్థ మహిళా దర్శకులకు ఒక్కొక్క చిత్రానికి కోటిన్నర రూపాయల వరకు కేటాయిస్తోంది. తారా రామానుజన్ 'నిషిద్ధో', మిని ఐ.జి. 'డివోర్స్', శ్రుతి శరణ్యం 'బి 32 ముతల్ 44 వరె' అలా వచ్చిన చిత్రాలే. అటువంటి పథకం మన తెలంగాణలోనూ ఉండాలని, అందులో కొంత భాగాన్ని హారర్, థ్రిల్లర్, ఫాంటసీ కథలకు విడిగా ఉంచాలని మన చలనచిత్ర అభివృద్ధి సంస్థకు వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నాను. హారరే ఎందుకంటే, పెద్ద హీరో డేట్లు లేకుండా కొత్తవాళ్ళు పరిశ్రమలోకి వచ్చే దారుల్లో అది ముఖ్యమైనది. 2022లో వచ్చిన 'మసూద' దర్శకుడికి అదే తొలి చిత్రం, అందులో పెద్ద తారలెవరూ లేరు. కొత్తవాళ్ళ కోసం తెరిచి ఉన్న ఆ తలుపే మాకు మూసి ఉంది.

బాల్కనీ టికెట్:

మీకు జరిగినది అన్యాయమే, అందులో సందేహం లేదు. కానీ పథకంతో ఏకీభవించలేను. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో పాతికేళ్ళుగా సినిమాలు చూస్తున్నాను. భయపడేందుకు వచ్చిన మనిషి దర్శకుడు ఆడా మగా అని చూడడు. 'అరుంధతి'ని 2009లో తీసినది కోడి రామకృష్ణ గారు, ఆ సినిమా మొత్తాన్ని మోసినది మాత్రం ఒక స్త్రీ పాత్ర. మీరు చెప్పిన 'మసూద'లో ఉన్నదీ ఒక తల్లి పడే ఆరాటమే. మన పరిశ్రమలో భానుమతి గారు 1953లోనే 'చండీరాణి'కి దర్శకత్వం వహించారు, విజయనిర్మల గారు 44 చిత్రాలు తీసి 2002లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. ఏ నిధీ లేని రోజుల్లో సాధ్యమైనదానికి ఇప్పుడు ప్రత్యేక కోటా ఎందుకు? పైగా "మహిళల హారర్" అన్న ముద్ర పడితే ఆ చిత్రాలు చిత్రోత్సవంలో ఒక మధ్యాహ్నం ఆటకు పరిమితమవుతాయి.

సౌండ్ రూమ్:

అమీర్‌పేట దగ్గర, సినిమా శబ్దాలన్నీ కలిపే ఒక మిక్సింగ్ థియేటర్‌లో ఫోలీ చేస్తాను, అంటే తెరమీది కదలికలకు తగిన చప్పుళ్ళు పుట్టిస్తాను కాబట్టి నాకు తెలిసిన ఒక్క సంగతి చెబుతాను. రెండేళ్ళ క్రితం ఒక దర్శకురాలు పన్నెండు నిమిషాల లఘుచిత్రంతో వచ్చారు. దెయ్యం ప్రవేశించే చోట అందరూ అడిగే వయొలిన్లు గానీ, తలుపు కిర్రుమనే చప్పుడు గానీ ఆమె అడగలేదు. అర్ధరాత్రి వంటగదిలో కుక్కర్ మూడో విజిల్ సగంలో ఆగిపోవాలి, ఆ తరువాత ఎవరో స్టవ్ ఆపినట్టు నాబ్ తిరిగిన "టిక్" ఒక్కటే వినబడాలి అన్నారు. ఇంట్లో తాను తప్ప ఎవరూ మేలుకొని లేరని తెలిసిన ఇల్లాలికి ఆ టిక్ ఎలా వినిపిస్తుందో నాకు ఇరవయ్యేళ్ళ వృత్తిలో ఎప్పుడూ తట్టలేదు. ఆ విజిల్ ఆగే చోటు కుదరడానికే రెండు గంటలు పట్టింది. ఆమె దగ్గరున్న డబ్బు మొత్తం ఆరు గంటల అద్దెకే సరిపోయింది, మిగతా సినిమా అంతా నాలుగు గంటల్లో హడావిడిగా ముగించాం. ఆ హడావిడి ఇప్పటికీ ఆ చిత్రంలో వినబడుతుంది.

చిన్న నిర్మాత:

నిధి ఇస్తే సినిమా పూర్తవుతుంది, మరి విడుదల ఎవరు చేస్తారు? ఓటీటీ సంస్థలు ఇప్పుడు చిన్న చిత్రాలను ముందుగా కొనడం లేదు. అదీగాక 2025 ఆగస్టులో తిరువనంతపురంలో జరిగిన సినిమా సదస్సులో ప్రముఖ మలయాళ దర్శకుడు అదూర్ గోపాలకృష్ణన్ గారు కేరళ ఇచ్చే ఆ కోటిన్నర ఎక్కువని, 50 లక్షల చొప్పున ముగ్గురికి ఇవ్వవచ్చని, ముందుగా శిక్షణ ఇవ్వాలని అన్నారు. దానిపై పెద్ద దుమారమే రేగింది. శిక్షణ మాట పక్కన పెట్టినా, ప్రజాధనం మీద లెక్క అడగడం తప్పు కాదు కదా.

కృష్ణానగర్ అసోసియేట్:

బాల్కనీ టికెట్ గారూ, మీరు చెప్పిన ఇద్దరు మహానుభావురాళ్ళ పేర్లే నా వాదానికి బలం. భానుమతి గారికి భరణీ పిక్చర్స్ ఉంది. విజయనిర్మల గారు తెలుగులో తమ తొలి చిత్రం 'మీనా'ను 1973లో తీసినది విజయకృష్ణా మూవీస్ పతాకం మీద. వారి ప్రతిభను ఇసుమంతైనా తక్కువ చేయడం లేదు. వాళ్ళు మరొకరి కార్యాలయంలో కూర్చుని "ఎవరు రాసిచ్చారమ్మా" అనిపించుకోవలసిన అవసరం లేకుండా, సొంత సంస్థలు వారికి అండగా నిలిచాయి. సొంత సంస్థ లేని అమ్మాయికి ఆ అండ ఎక్కడిది? నేను అడుగుతున్న నిధి అదే.

ముద్ర గురించి మీరన్నది నిజం, ఆ మాట నేను పాటిస్తాను. పోస్టర్ మీద ఆ పేరు వద్దు. నిధి కథ వినే బల్ల దగ్గర మొదలై అక్కడే ఆగాలి. తొలి వడపోతలో రచయిత పేరు తీసేసి స్క్రిప్టు మాత్రమే చదవాలి. అయితే ప్రేక్షకుడు ఆడా మగా చూడడన్న మాటతో పని తేలదు, ఎందుకంటే మా కథలు ప్రేక్షకుడి దాకా రావడమే లేదు. బయట ఏం జరిగిందో చూడండి. కేథరిన్ బిగెలో 1987లో 'నియర్ డార్క్' అనే రక్తపిశాచాల చిత్రం తీశారు, 2010లో ఉత్తమ దర్శకత్వానికి ఆస్కార్ అందుకున్న తొలి మహిళ అయ్యారు. నరమాంసం రుచి మరిగిన అమ్మాయి కథతో 2016లో తొలి చిత్రం తీసిన జూలియా డుకూర్నో, 2021లో 'తితాన్'కు కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారమైన పామ్ డోర్ గెలిచారు. 'మసూద'లో తల్లి కూతురి కోసం భయపడుతుంది. జెనిఫర్ కెంట్ 2014లో తీసిన 'ది బాబడూక్'లో తల్లి, కొడుకును తానే ఏం చేస్తుందోనని భయపడవలసిన స్థితికి వస్తుంది. మొదటిది మనకు ఎంతో బాగా తెలిసిన భయం. రెండోదాన్ని మన ఇళ్ళలో ఎవరూ పైకి అనరు, బాలింతల గదుల్లో మాత్రం అది ఉంటుంది. నా కథ దాని గురించే.

చిన్న నిర్మాత గారూ, లెక్క అడగండి, చెబుతాను. అదూర్ గారి శిక్షణ మాటకు మాత్రం నా తొమ్మిదేళ్ళ కాల్‌షీట్లే జవాబు. మొత్తం కోటిన్నర ఉండి తీరాలని నేను పట్టుబట్టను, కానీ 50 లక్షలతో హారర్ తీయమంటే ముందుగా కోతపడేది నైట్ కాల్‌షీట్లకూ మిక్సింగుకూ. ఆ రెండూ లేకపోతే అది హారర్ కాదు. రాత్రి రెండింటికి షూటింగు అయ్యాక మేకప్ అసిస్టెంట్ నుంచి ఎడిట్ అసిస్టెంట్ దాకా ప్రతి అమ్మాయినీ ఇంటి గుమ్మం దాకా దింపే బండి ఖర్చు బడ్జెట్‌లో విడి పద్దుగా ఉండాలి. "నువ్వెక్కడ పడతావు" అన్న ప్రశ్నకు ఖర్చు రూపంలో జవాబు అదొక్కటే. విడుదల విషయంలో మీరు వేసిన ప్రశ్నకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. నగరంలోని థియేటర్లలో కనీసం వారం పాటు ఒక సాయంత్రం ఆట హామీ ఇవ్వాలని వినతిపత్రంలో చేర్చగలను. షేర్ లెక్కలు తెలిసిన మీరు ఆ పేరా రాసి పెడితే కృతజ్ఞురాలిని.

సౌండ్ రూమ్ గారూ, ఆ దర్శకురాలు ఒప్పుకుంటే ఆ పన్నెండు నిమిషాల చిత్రాన్ని వినతిపత్రంతో జతచేద్దాం. అంతకుముందు మిక్సింగ్ మళ్ళీ చేయాలి. ఇంకో ఆరు గంటల అద్దెలో సగం నేను పెట్టుకుంటాను, మీ థియేటర్ ఏ రాత్రి ఖాళీగా ఉంటుందో చెప్పండి.