బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ పురుషులలో వేరుగా ఉంటుందా?

ప్రశ్న: భావోద్వేగాలు, సంబంధాలు, తన గురించి తనకుండే భావన నిలకడగా ఉండని ఈ మానసిక రుగ్మత నాకు ఉన్నట్టు ఇటీవల నిర్ధారణ అయింది. చదివినదంతా స్త్రీల గురించే ఉంది. నా భార్య ఫోన్ ఎత్తడం కాస్త ఆలస్యమైతే చాలు, నన్ను వదిలేస్తుందన్న భయం కోపంగా బయటపడుతుంది. ఆ తరువాత నేనెవరో నాకే తెలియని శూన్యం మిగులుతుంది. పురుషులలో ఇది ఇలాగే ఉంటుందా?

జవాబు 1: అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో వెలువరించిన నిర్ధారణ గ్రంథం ఈ రోగులలో సుమారు 75 శాతం స్త్రీలేనని పేర్కొంది. అయితే ఆ దేశంలోనే సాధారణ జనాభాపై జరిపి 2008లో ప్రచురించిన పెద్ద సర్వేలో స్త్రీపురుషుల మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. శూన్యభావం, ఎడబాటు భయం ఇద్దరిలోనూ ఉంటాయి. కానీ పురుషులలో మత్తుపదార్థాల వాడకం, పట్టలేని ఆవేశం ముందుగా కంటపడతాయి కనుక వాటికే చికిత్స జరిగి, అసలు రుగ్మత మరుగున పడిపోవడం కద్దు.

జవాబు 2: స్త్రీగా నా అనుభవం ఇందుకు భిన్నమైనది. ఎవరితో ఉంటే వారి ఇష్టాలే, చివరికి వారి మాటతీరే నావయ్యేవి. దానిని అణకువ అని అందరూ మెచ్చుకున్నందువల్ల, నాకంటూ ఒక స్వరూపం లేదన్న సంగతి ఎవరికీ లక్షణంగా తోచలేదు. కోపగించిన రోజున మాత్రం వెంటనే డాక్టరు గుర్తుకొచ్చేవారు!

జవాబు 3: ప్రశ్న అడిగినవారికి: మీ డాక్టరుగారికి కోపం గురించే కాక, దానికి ముందు కలిగే భయం గురించి కూడా చెప్పండి. అమెరికా మనస్తత్వవేత్త మార్షా లీనెహాన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మానసిక చికిత్సను తొలుత స్త్రీలపైనే పరీక్షించినా, ఆవేశాన్ని గుర్తించి ఆపుకునే అందులోని నైపుణ్యాలు పురుషులకూ నేర్పుతారు.