కౌన్సెలింగ్ సైకాలజీ, క్లినికల్ సైకాలజీకి కొమ్మేనా?

ప్రశ్న: కౌన్సెలింగ్ సైకాలజీ క్లినికల్ (మానసిక రోగాలకు చికిత్స చేసే శాఖ) నుంచి విడిపోయిందని నోట్సులో ఉంది. చరిత్ర పాఠం మాత్రం ఉద్యోగం ఎంచుకోవడంతో మొదలవుతోంది. ఏది సరైనది? విడి వృత్తిగా ఎప్పుడు నిలబడింది?

జవాబు 1: నోట్సు దిద్దుకోండి, దీని మూలమే వేరండి. 1908 జనవరిలో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ వొకేషన్ బ్యూరో అనే ఉద్యోగ సలహా కేంద్రం తెరిచారు. వచ్చినవాళ్లు రోగులు కారు, ఏ పనిలో చేరాలో తేలని కుర్రాళ్లు. వందకు పైగా ప్రశ్నలకు జవాబులు రాసి తెమ్మనేవారు. అద్దంలో చూసుకోండి, మీ గొంతూ తీరూ ఎలా ఉన్నాయో స్నేహితుల్ని అడగండి అని కూడా అందులో ఉంటుంది! తనను తెలుసుకోవడం, పనుల సంగతి తెలుసుకోవడం, రెండిటినీ తర్కించి జత కలపడం: ఇదీ పద్ధతి. బలహీనత మొదటి అడుగులోనే ఉంది. మనిషి తన గురించి చెప్పుకున్నదాన్ని సరిచూసే కొలత లేదు.

జవాబు 2: ఆ కొలత పరీక్షలతో వచ్చింది. 1917లో అమెరికా సైన్యం కోసం తయారైన తెలివి పరీక్షలు రెండు: చదువొచ్చినవాళ్లకు ఆల్ఫా, రానివాళ్లకు బీటా. 1927లో స్ట్రాంగ్ అనే సైకాలజిస్టు చేసిన ఆసక్తుల ప్రశ్నపత్రం ఇంకా తెలివైనది. మీ ఇష్టాయిష్టాలు ఒక వృత్తిలో ఉన్నవాళ్లు ఇచ్చిన జవాబులకు ఎంత దగ్గరో చూస్తుంది. అయితే దానితో కొత్త చిక్కు. స్కోర్లు చదివి వినిపించి పంపేయడమే కౌన్సెలింగ్ అనుకునే ధోరణి పెరిగింది. 1942లో సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ పుస్తకం దాన్ని గట్టిగా ఎదిరించింది: ముందు వినండి, దారి క్లయింటే చూసుకుంటాడు. ఈ వృత్తి చరిత్రలో ఇంతకంటే పెద్ద మలుపు లేదని నా అభిప్రాయం.

జవాబు 3: మీ రెండో ప్రశ్నకు: 1951, అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో జరిగిన సమావేశం. కౌన్సెలింగ్ సైకాలజీ అన్న పేరు, డాక్టరేట్ శిక్షణ ప్రమాణాలు అక్కడే కుదిరాయి. దీన్ని ముందుకు తోసింది రెండో ప్రపంచ యుద్ధమే. 1944 జీఐ బిల్లుతో (మాజీ సైనికుల చదువుకు డబ్బిచ్చిన చట్టం) మాజీ సైనికులు చదువులకు వచ్చారు; ఏ కోర్సు అన్న ప్రశ్న, యుద్ధం మిగిల్చిన కలత ఒకే మనిషిలో. పరీక్షలు పెట్టేవాడొకడు, వినేవాడొకడు అంటే కుదరదు. 1952లో మాజీ సైనికుల శాఖ ఈ పేరుతోనే ఉద్యోగాలు పెట్టింది, 1954లో సొంత పత్రిక వచ్చింది.

జవాబు 1: ఒక్క జాగ్రత్త. ఈ వరస బ్రిటన్‌కు అంటగట్టకండి. అక్కడి మానసిక శాస్త్ర సంఘంలో దీనికి చిన్న విభాగం (సెక్షన్) 1982లో, పూర్తి స్థాయి డివిజన్ 1994లో వచ్చాయి. అక్కడ దీని మూలం కూడా ఉద్యోగ మార్గదర్శనంలో కంటే, రోజర్స్ తరహాలో మనిషి మాట వినే మానవతావాద చికిత్సల్లోనే ఎక్కువ.