ఒకటి, రెండు తరగతులకు 8 ట్యాబ్‌లు, ఒక టీవీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

పలక_బలపం (ప్రశ్న):
ప్రాథమిక పాఠశాల. 1, 2 తరగతులు కలిపి 26 మంది, ఒకే గది, టీచర్‌ని నేనొక్కదాన్నే. దాతలు 10 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు 8 ఇచ్చారు. గదిలో 43 అంగుళాల టీవీ ఉంది. నెట్ లేదు, నా ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. ట్యాబ్ చేతికివ్వగానే పిల్లలు యూట్యూబ్ వెతుకుతున్నారు, ఐకాన్లు అటూ ఇటూ లాగేస్తున్నారు, అందనివాళ్లు ఏడుపు. ఏ యాప్‌తో, ఏ వరసలో మొదలుపెట్టాలో చెప్పండి.

తాళంచెవి:
మేడం, యాప్ సంగతి తర్వాత. ముందు పిల్లలు ఒకే యాప్‌లో ఉండేలా ట్యాబ్‌ని కట్టెయ్యాలి. అందుకు ఏమీ కొననక్కర్లేదు, ఆండ్రాయిడ్‌లోనే ఉంది.

సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ లోపల "యాప్ పిన్నింగ్" ఉంటుంది. కంపెనీని బట్టి "స్క్రీన్ పిన్నింగ్" అనో "పిన్ యాప్" అనో కూడా ఉండొచ్చు. కనబడకపోతే సెట్టింగ్స్ పైనున్న వెతికే గడిలో "పిన్" అని కొట్టండి. దాన్ని ఆన్ చేసి, కిందే "అన్‌పిన్ చేసేముందు పిన్ నంబరు అడగాలి" అన్నదీ ఆన్ చేయండి. ఈ రెండోది వదిలేస్తే తాళం వేసి చెవి తలుపుకే ఉంచినట్టు. తర్వాత కావలసిన యాప్ తెరిచి, ఇటీవలి యాప్‌ల స్క్రీన్‌కి వెళ్లి, కార్డు పైనున్న యాప్ బొమ్మ నొక్కితే "పిన్" వస్తుంది. ఇక పిల్లలు ఎక్కడ నొక్కినా ఆ యాప్‌లోనే ఉంటారు. ట్యాబ్ ఆపి మళ్లీ వేస్తే పిన్ పోతుంది, కాబట్టి పంచేముందు ఒక్కోటీ చూసుకోవాల్సిందే. ఎనిమిదింటికీ ఒకటే నంబరు పెట్టి, స్టాక్ రిజిస్టర్‌లో కాకుండా మీ డైరీలో రాసుకోండి. రిజిస్టర్ అందరూ తిరగేస్తారు.

అదే ఊపులో ఇవీ చేసేయండి: స్క్రీన్ ఆరిపోయే సమయం 10 నిమిషాలు, స్క్రీన్ తిరగడం ఆఫ్, వైఫై ఆఫ్, ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆఫ్, డు నాట్ డిస్టర్బ్ ఆన్. యూట్యూబ్‌ని యాప్స్ జాబితాలోకి వెళ్లి డిసేబుల్ చేయండి. గూగుల్ ఖాతా బడి పేరున ఒకటి చాలు. పిల్లల పేర్లతో, ఫొటోలతో ఖాతాలు తెరవొద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. ఆ తలనొప్పి మనకెందుకు.

రెండో_తరగతి:
పై సెట్టింగ్స్ అయ్యాయనుకుని చెబుతున్నాను. మొదటి రెండు వారాలు ఎనిమిదీ బయటికి తీయకండి. నాలుగే తీయండి. 13 మందికి ట్యాబ్, మిగతా 13 మందికి పలక పనో వర్క్‌బుక్కో, మర్నాడు తారుమారు. ముగ్గురేసి మూడు జట్లు, నలుగురిది ఒకటి. ఒక్కరున్న టీచర్ ఒకేసారి నాలుగు స్క్రీన్ల మీద కన్నేయగలదు, ఎనిమిదింటి మీద కష్టం. పైగా నాలుగు స్పేర్‌లో ఉంటాయి.

జట్టులో మూడు పనులు: ఒకరు ముట్టుకుంటారు, ఒకరు పని చూపే కార్డు చూసి ఏం చేయాలో చెబుతారు, ఒకరు సరిగ్గా జరిగిందా అని చూస్తారు. నలుగురున్న చోట చూసేవాళ్లు ఇద్దరు. 5 నిమిషాలకోసారి గంట కొట్టి పనులు మార్చండి. ముట్టుకోనివాళ్లు చేతులు వెనక కట్టుకోవాలి. ఇది వినడానికి కఠినంగా ఉన్నా, "నాకివ్వలేదు" గొడవ సగం దీంతోనే పోతుంది. పంచడం, తిరిగి తీసుకోవడం కలిపి మొత్తం 20–25 నిమిషాలు చాలు.

మొదటి రోజుల్లో యాప్ అక్కర్లేదు, చేతులే పాఠం. ఏం తప్పుతుందంటే:

చిన్నపిల్లలు ట్యాబ్‌ని రెండు చేతుల్తో పట్టుకుంటే బొటనవేలు స్క్రీన్ అంచు మీద పడుతుంది. ట్యాబ్ దాన్ని ఇంకో తాకుడు అనుకుంటుంది. ఇంకో పిల్ల నొక్కితే పనిచేయదు, "పాడైంది టీచర్" అంటారు. ట్యాబ్ చాప మీదో బెంచీ మీదో పడుకోబెట్టే ఉండాలి, చేతిలో పట్టుకోవడం లేదు. రెండోది, గట్టిగా, ఎక్కువసేపు అదమడం. అది ఆండ్రాయిడ్ లెక్కలో వేరే పని, లాగడమో తీసేయడమో అయిపోతుంది. "చీమ మీద వేలేసినట్టు" అని చెప్పి బల్ల మీద ముందు చేయించండి. మూడోది తడి చేతులు, మధ్యాహ్న భోజనం నూనె చేతులు. భోజనానికి ముందు పీరియడ్‌లో పెట్టుకుంటే ఆ బాధే ఉండదు.

యాప్ అంటే నా ఓటు స్క్రాచ్ జూనియర్‌కి. ఆదేశాల బ్లాకులు వరసగా పేర్చి తెర మీది పిల్లి బొమ్మని కదిలించే యాప్ ఇది. ఎంఐటీ, టఫ్ట్స్ విశ్వవిద్యాలయాల వాళ్లు 2014లో తెచ్చారు, 5–7 ఏళ్ల పిల్లల కోసం చేసింది. ఉచితం. ఒకసారి హాట్‌స్పాట్‌తో ఎక్కించుకుంటే నెట్ అడగదు. బ్లాకుల మీద మాటలకు బదులు దాదాపు అన్నీ బొమ్మలే. అందుకే చదవడం రాని ఒకటో తరగతికీ కుదురుతుంది.

గవాక్షం:
నేను టీవీతో మొదలుపెట్టమంటాను. 26 మంది ఒకేసారి చూస్తారు, గొడవ ఉండదు.

రెండో_తరగతి:
చూపించడానికి టీవీ సరే. కానీ వీడియోతో మొదలుపెడితే పిల్లలకు "స్క్రీన్ అంటే చూస్తూ కూర్చోవడం" అనే స్థిరపడుతుంది, అది ఇంట్లో ఫోన్ ఎలాగూ నేర్పుతోంది. టీవీలో 5 నిమిషాల ముక్క వేసి, మధ్యలో ఆపి, ప్రశ్న అడిగేట్టయితే ఒప్పుకుంటాను.

గవాక్షం:
ఆ లెక్కన అయితే ఒప్పందమే. టీవీ సంగతి మాత్రం వినండి, ఇక్కడే చాలామంది ఆగిపోతున్నారు. దీక్ష (ప్రభుత్వ పాఠాల యాప్) లోని వీడియోలు యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్ నుంచి కేబుల్‌తో చూపించొచ్చు, కానీ అన్ని ఫోన్లూ అలా బొమ్మ పంపవు. మీరు సొంతంగా చేసుకున్న వీడియోలైతే పెన్‌డ్రైవ్ తేలిక. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. చాలా టీవీలు ఎక్స్‌ఫ్యాట్ చదవవు. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, మనకంత అవసరం లేదు. ఫైలు ఎంపీ4, లోపల వీడియోని కుదించే పద్ధతి హెచ్.264 ఉండాలి. బొమ్మ రాక శబ్దం మాత్రమే వస్తే అది హెచ్.265 అయ్యుండొచ్చు, మార్చుకోవాలి. ఫైలు పేర్లు తెలుగులో పెడితే కొన్ని టీవీలు గళ్లు గళ్లుగా చూపిస్తాయి. 01, 02 అని అంకెలు పెట్టండి. 1, 2 అని పెడితే 10 వచ్చి 2 ముందు కూర్చుంటుంది.

టీవీని కిటికీకి ఎదురుగా పెట్టొద్దు, వెలుగు పడి ఏమీ కనబడదు. పిల్లలు నేల మీద కూర్చుంటారు కాబట్టి మన ఎత్తులో బిగిస్తే మెడలు నొప్పి. ముందు వరస ఐదారు అడుగుల దూరంలో ఉండాలి.

ప్లగ్గు_పిన్ను:
ఛార్జింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. ట్యాబ్‌లు మూలపడేది ఎక్కువగా దీనివల్లే. ఒక్కోదానికి 10 వాట్లు అనుకుంటే ఎనిమిదింటికి 80. కరెంటుకి అది భారం కాదు, కానీ ఎనిమిది అడాప్టర్లు ఒక పవర్‌స్ట్రిప్‌లో పట్టవు, పక్క సాకెట్‌ని కప్పేస్తాయి. ఎక్కువ పోర్టుల ఛార్జర్ కొంటే మొత్తం వాట్లు చూడండి, పోర్టుల సంఖ్య కాదు. మొత్తం 40 వాట్లే అయితే ఎనిమిదీ పెట్టినా సాయంత్రానికి సగమే ఎక్కుతుంది.

రాత్రి బడి తాళం వేసి ఛార్జింగ్‌లో వదిలిపోవద్దు. పగలు, మీ కళ్ల ముందే. వేసవి సెలవులకు సగం ఛార్జితో ఆపేసి, రేకుల గదిలోని ఇనుప బీరువాలో కాకుండా చల్లటి చోట పెట్టండి. పూర్తిగా సున్నాకి వచ్చి నెలలు పడుంటే బ్యాటరీ మళ్లీ లేవకపోవచ్చు. వెనక మూత ఉబ్బినట్టు కనబడితే ఆ ట్యాబ్‌ని ఛార్జికే పెట్టొద్దు, పక్కన పెట్టేయండి.

సుద్దపొడి ఛార్జింగ్ రంధ్రంలో చేరి "కేబుల్ పోయింది" అనిపిస్తుంది. ట్యాబ్ ఆపి, పొడి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. గుండుసూది వద్దు. తుడవడానికి కాస్త తడిపిన మెత్తటి గుడ్డ, శానిటైజర్ నేరుగా పోయొద్దు. వెనక 1 నుంచి 8 వరకు నంబర్లు అతికించి, ఏ నంబరు ఏ జట్టుదో రాసిపెడితే ఏది ఎక్కడ పగిలిందో తెలుస్తుంది.

పలక_బలపం:
స్క్రాచ్ జూనియర్ వేశాను. పైన ఆకుపచ్చ జెండా నొక్కితే పిల్లి కదలట్లేదు. ఒక ట్యాబ్‌లో పిల్లే మాయమైంది!

రెండో_తరగతి:
రెండూ అందరికీ వచ్చేవే. పైనున్న జెండా, జెండా బొమ్మ ఉన్న పసుపు బ్లాకుతో మొదలైన వరసనే నడుపుతుంది. పిల్లలు నీలం బాణాలు మాత్రమే పేర్చి ఉంటారు. పసుపు బ్లాకు ముందు తగిలించండి. లేదా పేర్చిన బ్లాకునే నేరుగా ముట్టుకుంటే కదులుతుంది, మొదటి రోజు అదే చాలు. బ్లాకు, పిల్లి ఉండే వేదిక కిందున్న పెట్టెలోనే ఉంటే పిల్లి కదలదు, దాని కిందున్న పని జాగాలోకి లాగి వదలాలి. సగం దారిలో వేలెత్తేస్తారు, అది గమనించండి.

పిల్లి మాయమవడం అదిమినందుకు. ఎక్కువసేపు అదిమితే ఎర్ర గుర్తు వస్తుంది, దాన్ని ముట్టుకుంటే పోతుంది. వెనక్కి తిరిగిన బాణం నొక్కండి, వచ్చేస్తుంది.

ఇక లెక్కల్లోకి. పైన గళ్ల గుర్తు నొక్కితే వేదిక మీద అడ్డంగా 20, నిలువుగా 15 గళ్లు, అంకెలతో సహా వస్తాయి. రెండో తరగతికి అదే సంఖ్యారేఖ. పిల్లిని 5 దగ్గర ఉంచి 12కి పంపమనండి. బాణం బ్లాకు కింద ఉన్న 1ని ముట్టుకుని 7 చేయాలి. చాలామంది 8 పెడతారు, నిలబడ్డ గడిని కూడా ఒక అడుగుగా లెక్కేస్తారు కాబట్టి. దిద్దకండి, నడపనివ్వండి. పిల్లి 13లో ఆగుతుంది, వాళ్లే నోరెళ్లబెట్టి మళ్లీ లెక్కపెడతారు. ముందు రోజు గది నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసి పిల్లల్నే నడిపిస్తే ఇది ఇంకా త్వరగా అందుతుంది.

పలక_బలపం:
ఒకటో తరగతి వాళ్లకి అంకె మార్చడం రావట్లేదు.

రెండో_తరగతి:
మార్పించకండి. 1 అలాగే ఉంచి, మూడు అడుగులకు మూడు బాణాలు పక్కపక్కన తగిలించమనండి. బ్లాకులు లెక్కపెడతారు, గళ్లు లెక్కపెడతారు, రెండూ కలుస్తాయి. వరస ఏడెనిమిది బాణాలకి పెరిగి వాళ్లకే విసుగొచ్చిన రోజు, అంకె మార్చొచ్చని చూపించండి.