పెన్షన్ సరిపోతుందా అన్న బెంగ: మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

మలిసంధ్య:
పెద్దలందరికీ నమస్కారం. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. వచ్చే పెన్షన్ ఇప్పటి జీతంలో సగం కూడా ఉండదు. అప్పుల్లేవు, కొంత పొదుపు ఉంది. కానీ లెక్క వేసిన ప్రతిసారీ ఒక్కో జవాబు వస్తోంది. చెప్పుకోవడానికి మొహమాటంగా ఉన్న బెంగ ఇంకొకటి ఉంది. 36 ఏళ్లు పొద్దున్నే లేచి పనికి పోయినవాణ్ని, ఆ మర్నాడు లేచి ఏం చెయ్యాలి? ఆ గట్టు దాటినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

లెక్కల మాస్టారు:
నేను దిగిపోయి 11 ఏళ్లయింది. మీ లెక్క ఎందుకు కుదరట్లేదంటే, మీరు ఈ రోజు ఖర్చుని ఈ రోజు పెన్షన్‌తో పోలుస్తున్నారు. ఖర్చు ఉన్నచోట ఉండదు. 72ని ధరల పెరుగుదల శాతంతో భాగించి చూడండి, ఇంచుమించు అన్నేళ్లలో ధరలు రెట్టింపవుతాయి. ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లు, 4 శాతమైతే 18. మీ పెన్షన్ ధరలతో పాటు పెరిగేదా, చివరిదాకా ఒకే అంకె దగ్గర ఆగిపోయేదా? ముందు అది కనుక్కోండి. నాది ఆగిపోయే రకం. మొదటి నాలుగేళ్లు తేడా తెలియలేదు, ఐదో ఏడు నుంచి నెలాఖరుకి చేతులు తడుముకోవడం మొదలైంది.

అప్పుడు ఒక నోటుబుక్కు పెట్టాను. ఎడమ పేజీలో తప్పని ఖర్చులు, కుడి పేజీలో మానుకున్నా గడిచేవి. మందులు ఎడమవైపు, ప్రయాణాలు కుడివైపు. ఏడాదికోసారి వచ్చే ఖర్చుల్ని 12తో భాగించి నెలలో కలిపాను, అవే కొంప ముంచేవి. ఎడమ పేజీ మొత్తం పెన్షన్‌తో గడిచిపోతే సగం బెంగ తీరినట్టే. నాకు గడవలేదు. అందుకే ఇప్పటికీ సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. డబ్బు కోసమే మొదలుపెట్టాను, ఇప్పుడు ఆ గంట కోసం పొద్దున్నించీ ఎదురు చూస్తాను.

దారిపక్క చెట్టు:
మాస్టారూ, పొదుపులోంచి ఏటా ఎంత తీసుకోవచ్చంటారు? 4 శాతం అని అందరూ అంటుంటారు.

లెక్కల మాస్టారు:
అది 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు వేసిన లెక్కండీ. మొదటి ఏడు పొదుపులో 4 శాతం తీసి, ఆ తర్వాత ధరలు పెరిగినంత మేర ఏటా పెంచుకుంటూ పోయినా 30 ఏళ్లు వస్తుందని అక్కడి పాత మార్కెట్ వివరాలతో తేల్చాడు. అదీ పొదుపులో సగమైనా షేర్లలో ఉంటేనే. మొత్తం డిపాజిట్లలో పెట్టుకున్నవాళ్లు ఆ అంకెని కళ్లు మూసుకుని నమ్మకూడదు. పైగా రిటైరైన మొదటి రెండు మూడేళ్లలోనే మార్కెట్ పడితే, పడ్డ ధరకి అమ్ముకుని తినాల్సి వస్తుంది. ఆ దెబ్బ నుంచి కోలుకోవడం కష్టం. అందుకని రెండేళ్ల ఖర్చు విడిగా, చేతికందేలా ఉంచుకోండి.

నీరెండ:
అన్నయ్యగారూ, ఫారం మీద సంతకం పెట్టేముందు నా మాట ఒకటి వినండి. మావారికి రిటైరయ్యేటప్పుడు ఫారంలో రెండు గళ్లు ఇచ్చారు. ఒకటి ఆయన బతికున్నంత కాలం వచ్చేది. రెండోది ఆయన తర్వాత నాకు కూడా వచ్చేది, దానికి నెలకి కొంచెం తక్కువ. ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఎక్కువ వచ్చే గడిలో టిక్కు పెట్టారు. మూడో ఏడు ఆయన పోయారు, ఆ నెలతోనే పెన్షన్ ఆగిపోయింది. ఆయన్ని ఒక్కరోజూ తప్పు పట్టలేదు నేను. కానీ ఆ గళ్లు చూసినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను, ఇదేమిటని అడగలేదు. అది మాత్రం ఇప్పటికీ కలుక్కుమంటుంది. దయచేసి మీ ఆవిడని కూర్చోబెట్టుకుని ఇద్దరూ చదవండి.

తెల్లవారుజాము:
చేతికొచ్చిన పెద్ద మొత్తాన్ని ఆరు నెలలు కదపకండి. నేను రెండో నెలలోనే బంధువుల వ్యాపారంలో పెట్టాను. డబ్బూ పోయింది, రాకపోకలూ పోయాయి.

మెట్లదారి:
నేను పేషెంట్లకి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. డబ్బు గురించి భయపడేవాళ్లు మొదట మానేసేది బయటికి వెళ్లడం. అక్కడే నష్టం మొదలవుతుంది. ఇంట్లో కూర్చుంటే తొడల్లో కండ కరుగుతుంది, తర్వాత పడతారు, ఆ ఖర్చు ఏ నోటుబుక్కులోనూ ఉండదు. ఇప్పుడే చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేచి చూడండి. ముందుకి ఊగకుండా, చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేవగలిగితే సరే. లేవలేకపోతే కొంచెం ఎత్తు కుర్చీతో మొదలుపెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమతో పాటు, 65 దాటినవాళ్లు వారానికి మూడు రోజులు బలానికి, నిలకడకి వ్యాయామం చెయ్యాలంటుంది. నడక చాలు అనుకునేవాళ్లే ఎక్కువ, చాలదు.

వయసైపోయింది అనకండి. 1990లో వచ్చిన ఒక పరిశోధనలో, సగటున 90 ఏళ్లున్న వృద్ధులతో ఎనిమిది వారాలు కాళ్లకి బరువుల వ్యాయామం చేయించారు. పూర్తిచేసిన 9 మందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. గుండె జబ్బు ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే.

మలిసంధ్య:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నోటుబుక్కు నిన్ననే మొదలైంది. కుర్చీలోంచి నాలుగుసార్లు లేచాను, ఐదోసారికి చెయ్యి ఆనింది. మాస్టారూ, నా పెన్షన్‌లో ఒక భాగం పెరుగుతుంది, ఒక భాగం పెరగదట. పెరగని భాగాన్ని ఎడమ పేజీలో ఎలా చూపాలో వీలైతే చెప్పండి.

నీరెండమ్మా, మా ఫారంలోనూ రెండు గళ్లున్నాయి. ఇన్నాళ్లూ ఎక్కువొచ్చేదే చూసుకుంటూ వచ్చాను. సాయంత్రం దాన్ని మా ఆవిడ చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని రెండోసారి చదువుతోంది.