ఓపెన్ 0 ఇస్తోంది, మా కోడ్ దాన్ని ఫెయిల్ అంటోంది: తప్పెవరిది?

ప్రశ్న (గోదారిగట్టు)

సీలో రాసిన ఒక పాత సర్వీస్ నా నెత్తిన పడింది, రాసినాయన ఎప్పుడో మానేశారు. నా ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ నుంచి నడిపితే ఏ గొడవా లేదు. క్లయింట్ సర్వర్‌లో వాళ్ల స్టార్టప్ స్క్రిప్ట్ దాన్ని లేపితే మాత్రం కాన్ఫిగ్ ఫైల్ తెరిచే చోటే "ఓపెన్ ఫెయిల్డ్: సక్సెస్" అని ప్రింట్ చేసి చచ్చిపోతోంది. ఫెయిలైందట, మళ్లీ సక్సెస్ అట! రెండు రోజులు పర్మిషన్లు, పాత్‌లు, డిస్క్ అన్నీ చూసి చూసి చివరికి ఓపెన్ ఇచ్చిన నంబర్ (తెరిచిన ఫైల్‌కి గుర్తుగా ఇచ్చే ఫైల్ డిస్క్రిప్టర్, అదే ఎఫ్‌డీ) ప్రింట్ చేయిస్తే 0 అని వచ్చింది. కోడ్‌లో చెక్ ఏమో "ఎఫ్‌డీ <= 0 అయితే ఎర్రర్" అని ఉంది. 0 అంటే స్టాండర్డ్ ఇన్‌పుట్ (ప్రోగ్రాంకి మామూలుగా ఇన్‌పుట్ వచ్చే దారి) కదా, దాన్ని ఫైల్‌కి ఎలా ఇచ్చేస్తుంది? కర్నెల్ (ఓఎస్ గుండెకాయ) బగ్గా ఇది?

జవాబు (పాతచింతకాయ)

కర్నెల్ తప్పేం లేదు తమ్ముడూ. వాడుకలో లేని డిస్క్రిప్టర్లలో అన్నిటికంటే చిన్న నంబరే ఓపెన్ ఇవ్వాలని పోసిక్స్ (యూనిక్స్ తరహా ఓఎస్‌ల ప్రమాణం) నియమం. ఫెయిలైతే -1, అంతే. 0, 1, 2 అనేవి స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్ అని షెల్లూ లైబ్రరీలూ తమలో తాము అనుకున్న ఒప్పందం, ఓపెన్‌కి దాంతో పనిలేదు. బస్సులో కర్చీఫ్ వేసిన సీటు లాంటిదనుకో, కర్చీఫ్ తీసేస్తే ముందు ఎక్కినవాడే కూర్చుంటాడు. ఆ స్క్రిప్ట్‌లో మీ ప్రోగ్రాం లేపే లైన్లో <&- ఉందేమో చూడు, అది 0ని మూసేస్తుంది. "సక్సెస్" అని ఎందుకొచ్చిందంటే, నిజానికి ఏదీ ఫెయిల్ కాలేదు కాబట్టి ఎర్‌నోలో (చివరి ఎర్రర్ నంబర్ ఉండే వేరియబుల్) 0 అలాగే ఉంది, ఎర్రర్ మెసేజ్ ప్రింట్ చేసే పెర్రర్ దాన్నే చదివింది.

చెక్‌ని "ఎఫ్‌డీ < 0" అని మార్చు.

జవాబు (రాత్రిడ్యూటీ)

ఆ ఒక్క చెక్ మార్చి ఊరుకోకండి, అసలు ప్రమాదం క్లోజ్ చేసే చోట ఉంటుంది. పాత సీ కోడ్‌లో స్ట్రక్చర్‌ని కాలాక్‌తోనో మెమ్‌సెట్‌తోనో సున్నా చేయడం అందరికీ అలవాటు, కానీ అలా చేస్తే దాంట్లోని ఎఫ్‌డీ కూడా 0 అవుతుంది, అంటే "ఇంకా తెరవలేదు" అని మీరనుకుంటున్నారు, అది మాత్రం ఒక నిజమైన డిస్క్రిప్టర్ నంబర్. మధ్యలో ఏదో ఫెయిలై క్లీనప్‌లోకి వెళితే ఎన్నడూ తెరవని దాన్ని క్లోజ్ చేయబోయి వేరేవాళ్ల 0ని మూసేస్తుంది. ఆ తర్వాత వచ్చే సాకెట్‌కి 0 దొరుకుతుంది, పాత యజమాని ఇంకా అది తనదే అనుకుని రాస్తూ ఉంటాడు. మా దగ్గర ఒకసారి ఇలాగే ఒక క్లయింట్‌కి వెళ్లాల్సిన జవాబు ఇంకో క్లయింట్‌కి వెళ్లింది, థ్రెడ్లు కూడా ఉండటంతో వారంలో ఒకసారి మాత్రమే, అదీ రాత్రిపూట. పట్టుకునేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది. స్ట్రక్చర్ తయారుచేసే ఫంక్షన్‌లోనే ఎఫ్‌డీకి -1 పెట్టండి, క్లోజ్ చేశాక మళ్లీ -1 పెట్టండి.

జవాబు (సింపుల్‌గా)

దీనికింత టెన్షన్ ఎందుకు బ్రో? మెయిన్ మొదట్లోనే డెవ్ నల్ (రాసింది మింగేసి, చదివితే ఏమీ ఇవ్వని ఉత్తుత్తి ఫైల్) తెరిచి 0, 1, 2 నింపేస్తే ఇంక 0 ఎవరికీ రాదు. రస్ట్ భాష కూడా అదే చేస్తుంది.

జవాబు (రాత్రిడ్యూటీ)

చేయండి, మంచిదే. లినక్స్‌లో సర్వీసులు లేపే సిస్టమ్‌డీ కూడా మామూలుగా స్టాండర్డ్ ఇన్‌పుట్‌కి డెవ్ నల్‌నే ఇస్తుంది. కానీ నేను చెప్పిన క్లీనప్ ఆ డెవ్ నల్‌నీ మూసేస్తుంది కదా, మళ్లీ మొదటికే. పైగా మీరు రాసేది లైబ్రరీ అయితే మెయిన్ మీ చేతిలో ఉండదు. లినక్స్‌లో బీపీఎఫ్ (కర్నెల్ లోపల చిన్న ప్రోగ్రాంలు నడిపే సౌకర్యం) వాళ్లే ఈ గోతిలో పడ్డారు: సిస్టమ్ కాల్ స్ట్రక్చర్‌లో కొత్తగా చేర్చే ఫీల్డులు పాత ప్రోగ్రాంలకు 0గానే వస్తాయి కాబట్టి కొన్ని చోట్ల 0 అంటే "ఎఫ్‌డీ ఇవ్వలేదు" అని పెట్టుకున్నారు. 2023లో దీని మీద పెద్ద వాదనే నడిచింది, లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూడా 0 అందరిలాంటి డిస్క్రిప్టరే అని గట్టిగా చెప్పాడు. తర్వాత పాత్ ఎఫ్‌డీ అనే కొత్త ఫీల్డు చేర్చినప్పుడు "ఇచ్చాం" అని చెప్పడానికి విడిగా ఒక ఫ్లాగ్ పెట్టారు. బీపీఎఫ్ లైబ్రరీ లిబ్‌బీపీఎఫ్ అయితే 3 కంటే చిన్న నంబర్ వస్తే దానికి కాపీ (డూప్) చేసి 3 లేదా అంతకన్నా పైది తెచ్చుకుంటుంది.

జవాబు (పాతచింతకాయ)

ఇంకోటి మర్చిపోయా. డప్2తో (డిస్క్రిప్టర్‌ని ఇంకో నంబర్ మీదకి కాపీ చేసే కాల్) ఫైల్‌ని 0 మీదకి తెచ్చి, వెంటనే అసలు ఎఫ్‌డీని క్లోజ్ చేస్తుంటారు. ఆ ఎఫ్‌డీ ముందే 0 అయితే డప్2 ఏమీ చేయదు, క్లోజ్ మాత్రం ఉన్నదాన్ని కూడా మూసేస్తుంది. రెండూ వేరైతేనే క్లోజ్ చేయాలి.

గోదారిగట్టు

దొరికింది, <&- స్క్రిప్ట్‌లోనే ఉంది. దాన్ని మార్చమంటే క్లయింట్ ఒప్పుకోలేదు, "ఎన్నేళ్లుగానో నడుస్తోంది" అంటున్నారు. కోడ్ వెతికితే ఇలాంటి చెక్‌లు పదకొండు, మెమ్‌సెట్ చేసిన స్ట్రక్చర్లు మూడు, ఆ డప్2 కూడా ఒకచోట ఉంది. అన్నీ సరిచేసి టెస్టులు <&- తో మళ్లీ నడిపితే సర్వీస్ పాసైంది, పక్కనున్న పైతాన్ స్క్రిప్ట్ పడిపోయింది, స్టాండర్డ్ ఇన్‌పుట్ ఉండాల్సిన చోట నన్ (పైతాన్‌లో "ఏమీ లేదు" అనే విలువ) ఉందట. దాని సంగతి రేపు చూస్తా.