1.2 వోల్టుల సప్లైలో ఇన్‌పుట్ అంచు నుంచి అంచుకి ఊగాలంటే ఎన్, పీ జంటలు రెండూ కావాల్సిందేనా?

టెయిల్‌కరెంట్:
12 బిట్ల ఏడీసీ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చేది) ముందు యూనిటీ గెయిన్ బఫర్ (ఇన్‌పుట్ వోల్టేజినే అవుట్‌పుట్‌లో ఇచ్చే ఆంప్లిఫయర్) వేస్తున్నా. సప్లై 1.2 వోల్టులు, సిగ్నల్ కూడా దాదాపు 0 నుంచి 1.2 దాకా. అలవాటు ప్రకారం ఇన్‌పుట్‌లో ఎన్‌మాస్ ట్రాన్సిస్టర్ల జంట, పీమాస్ జంట రెండూ పెట్టా. థ్రెషోల్డ్ (ట్రాన్సిస్టర్ తెరుచుకునే వోల్టేజి) 0.42, దానిపైన ఓవర్‌డ్రైవ్ 0.1, టెయిల్‌కి (జంటకి కరెంటిచ్చే సోర్స్‌కి) ఇంకో 0.1. అంటే ఎన్ జంట 0.62 పైన, పీ జంట 0.58 కింద పనిచేస్తాయి. మధ్యలో 40 మిల్లీవోల్టులు ఎవరికీ చెందవు. స్లో కార్నర్‌లో (తయారీ తేడాల వల్ల ట్రాన్సిస్టర్లు మందంగా వచ్చినప్పుడు) థ్రెషోల్డ్ 0.5 అయితే ఈ ఖాళీ 0.5 నుంచి 0.7 దాకా పాకుతోంది. మా సీనియర్ "అందరూ చేసేదే, సైజులు సర్దు" అంటున్నారు. మీరేమంటారు?

వీక్‌ఇన్వర్షన్:
మీ సీనియర్ చెప్పింది నిజమే. ట్రాన్సిస్టర్లని వెడల్పు చేసి వీక్ ఇన్వర్షన్‌లోకి (థ్రెషోల్డ్ దగ్గరే, ఓవర్‌డ్రైవ్ లేకుండా నడిచే స్థితికి) దించండి. గేట్-సోర్స్ వోల్టేజి థ్రెషోల్డ్ దగ్గరే ఆగిపోతుంది, టెయిల్‌కి 0.1 చాలు. ఎన్ జంట 0.52 నుంచి మొదలవుతుంది, పీ జంట 0.68 దాకా వస్తుంది. 160 మిల్లీవోల్టులు రెండూ కలిసి ఉంటాయి. పైగా వీక్ ఇన్వర్షన్‌లో జీఎం (ఇన్‌పుట్ వోల్టేజి మారితే కరెంటు ఎంత మారుతుందన్న కొలత) కరెంటుని బట్టే ఉంటుంది కాబట్టి, రెండు టెయిల్ కరెంట్ల మొత్తం మారకుండా చూస్తే మధ్యలో జీఎం రెట్టింపయ్యే గొడవే ఉండదు. స్ట్రాంగ్ ఇన్వర్షన్‌లో అయితే ఒక జంట ఆగినప్పుడు రెండోదానికి నాలుగింతల కరెంటు తోయాలి, అది వేరే తలనొప్పి.

పాతలేఅవుట్:
మీ లెక్కే స్లో కార్నర్‌లో వేసి చూడండి సార్. థ్రెషోల్డ్ 0.5 పెడితే ఎన్ మొదలయ్యేదీ 0.6 దగ్గరే, పీ ఆగేదీ 0.6 దగ్గరే. డిగ్రీ చల్లబడితే థ్రెషోల్డ్ సుమారు ఒక మిల్లీవోల్టు పెరుగుతుంది. మైనస్ 40కి వెళ్తే మళ్లీ ఖాళీయే.

అదీ సర్దారే అనుకుందాం. ఆఫ్‌సెట్ (జంటలో రెండు ట్రాన్సిస్టర్లూ ఒకేలా లేక వచ్చే వోల్టేజి తప్పు) సంగతేంటి? ఎన్ జంటకి ప్లస్ 2 మిల్లీవోల్టులు, పీ జంటకి మైనస్ 1 ఉందనుకోండి. ఆ 160 మిల్లీవోల్టుల ప్రయాణంలో ఆఫ్‌సెట్ 3 మిల్లీవోల్టులు జారుతుంది. అక్కడ సీఎంఆర్ఆర్ (రెండు ఇన్‌పుట్‌లూ కలిసి కదిలితే దాన్ని పట్టించుకోకుండా ఉండే శక్తి) 35 డీబీకి కాస్త తక్కువే. 12 బిట్లకి ఒక మెట్టు 0.29 మిల్లీవోల్టులు, అంటే పది మెట్ల వంకర. జీఎం ఎంత చదునుగా ఉన్నా ఈ వంకర పోదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టాక ఒకదాన్నుంచి ఇంకోదానికి బరువు మారేటప్పుడే కదా ఊగేది.

వీక్‌ఇన్వర్షన్:
3 మిల్లీవోల్టులు మరీ ఎక్కువ చెప్పారు. అంత వెడల్పున్న ట్రాన్సిస్టర్లు బాగా మ్యాచ్ అవుతాయి. అర మిల్లీవోల్టు తేడాతో వస్తుంది.

పాతలేఅవుట్:
వచ్చినా దాదాపు రెండు మెట్లు. ఆ వెడల్పుకి పెరిగే ఇన్‌పుట్ కెపాసిటెన్స్ ఎవరి ఖాతాలో రాయాలి?

శబ్దశత్రువు:
అసలు కామన్ మోడ్ (రెండు ఇన్‌పుట్‌ల ఉమ్మడి వోల్టేజి) ఎందుకు కదలాలి? యూనిటీ గెయిన్ బఫర్ అన్నారు కాబట్టి కదులుతోంది. ఇన్వర్టింగ్‌గా (సిగ్నల్‌ని రెండు రెసిస్టర్ల ద్వారా తిప్పి ఇచ్చేలా) వేస్తే ఇన్‌పుట్ జంట ఒక్కచోటే కూర్చుంటుంది, పీ జంట ఒక్కటి చాలు. రిఫరెన్స్ 0.6 దగ్గర పెడితే మళ్లీ ఆ ఖాళీలోనే పడతారు, కాబట్టి దాన్ని 0.2కి దించండి. రెండు రెసిస్టర్లూ 100 కిలో ఓమ్‌లైతే, సిగ్నల్ మధ్యలో ఉన్నప్పుడు ఒక్కోదానిలో 4 మైక్రో ఆంపియర్లు పారతాయి. ఆ రెండు రెసిస్టర్లూ కలిసే సమ్మింగ్ నోడ్ నుంచి 8 మైక్రో ఆంపియర్లు గ్రౌండ్‌కి లాగితే అవుట్‌పుట్ మళ్లీ 0.6 చుట్టూ ఊగుతుంది. ఒక్కో రెసిస్టర్ నాయిస్ రూట్ హెర్ట్జ్‌కి 40 నానోవోల్టులు, లాగే కరెంట్ సోర్స్ నాయిస్ అదనం. అది భరించగలిగితే ఈ చర్చ ఇక్కడితో సరి.

టెయిల్‌కరెంట్:
సెన్సర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ మెగా ఓమ్‌లలో ఉంది సార్. 100 కిలో ఓమ్‌లు తగిలిస్తే సిగ్నల్ అక్కడే కూలబడుతుంది. బల్క్ డ్రివెన్ ఇన్‌పుట్ (సిగ్నల్‌ని గేటుకి కాకుండా ట్రాన్సిస్టర్ బల్క్‌కి ఇవ్వడం) కూడా ఆలోచించా.

శబ్దశత్రువు:
మెగా ఓమ్‌లా? ఆ ముక్క మొదటే చెప్పాల్సింది. అయితే ఇన్వర్టింగ్ కుదరదు. బల్క్ డ్రివెన్ కూడా మర్చిపోండి. గేటు జీఎంలో పావు వంతు వస్తే గొప్ప, నాయిస్ ఆ మేరకు పెరుగుతుంది. పైగా ఇన్‌పుట్ కిందికి దిగినప్పుడు సోర్స్-బల్క్ డయోడ్ ఫార్వర్డ్ అవుతుంది. వేడిలో ఆ లీకేజీని మీ సెన్సర్ అస్సలు ఓర్వదు.

పాతలేఅవుట్:
అయితే పీ జంట ఒక్కటే ఉంచి, దాని టెయిల్‌కి మాత్రం చార్జ్ పంప్‌తో (క్లాక్‌తో కెపాసిటర్లని మార్చి సప్లై కంటే ఎక్కువ వోల్టేజి పుట్టించే సర్క్యూట్‌తో) ఎక్కువ వోల్టేజి ఇవ్వండి. మీ అంకెల ప్రకారం 1.2కి 0.62 కలిపితే 1.82, స్లో కార్నర్‌కి 1.9. పంప్ ఇవ్వాల్సింది టెయిల్ కరెంటే కాబట్టి కెపాసిటర్లు చిన్నవే. కింద గ్రౌండ్ దాకా ఇబ్బంది లేదు, ఫోల్డెడ్ కాస్కోడ్ (జంట కరెంటుని మడిచి కింద ఇంకో దశకి పంపే అమరిక) వేస్తే డ్రెయిన్ 0.15 దగ్గర ఉంటుంది, జంట సాచురేషన్‌లోనే ఉంటుంది. మార్కెట్లో ఓపీఏ365 లాంటి చిప్‌లు చేసేదీ ఇదే, క్రాసోవర్ (ఒక జంట నుంచి ఇంకో జంటకి మారడం) లేని ఇన్‌పుట్ అని అమ్మేది దీన్నే. టెయిల్‌కి మాత్రం మందపాటి ఆక్సైడ్ ట్రాన్సిస్టర్ వాడండి, ఇన్‌పుట్ సున్నా దగ్గర దాని మీద 1.3 వోల్టుల పైనే పడుతుంది.

వీక్‌ఇన్వర్షన్:
క్లాక్ రిపుల్? మెగా ఓమ్ నోడ్ పక్కన పంప్ తిప్పుతారా! నేనైతే రెండు జంటలే వేసి, ఆఫ్‌సెట్‌ని ట్రిమ్ చేస్తాను.

పాతలేఅవుట్:
రిపుల్ టెయిల్ మీద పడుతుంది, జంటలో రెండువైపులా ఒకేలా వస్తుంది. మ్యాచింగ్ లోపం మేరకే బయటికి కనిపిస్తుంది. మీ ట్రిమ్ ఉష్ణోగ్రత మారగానే జారుతుంది.

టెయిల్‌కరెంట్:
ఏడీసీ శాంప్లింగ్ క్లాక్ ఎలాగూ ఉంది. పంప్‌ని దానికే కడితే?

పాతలేఅవుట్:
కట్టండి, కానీ శాంపిల్ పట్టే అంచుకి దూరంగా, హోల్డ్ అయ్యాక పంప్ మారేలా. అప్పుడు ప్రతి శాంపిల్‌లో రిపుల్ ఒకే చోట దొరుకుతుంది, అది ఉత్త ఆఫ్‌సెట్‌లా కనిపిస్తుంది. లేఅవుట్‌లో ఇన్‌పుట్ తీగ చుట్టూ గ్రౌండ్ షీల్డ్ వేయడం మర్చిపోకండి, వీక్‌ఇన్వర్షన్ గారు భయపడేది టెయిల్ గురించి కాదు, ఆ తీగ గురించి. ఆ భయం సరైనదే.